పిల్లాపాపలతో ఓరుగల్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

*సంక్రాంతి సెలవుల్లో ఆరేళ్ల పాప, పదేళ్ల బాబు, మా అత్తమ్మతో వరంగల్ పోదామనుకుంటున్నాం. అత్తమ్మకు మోకాళ్ల నొప్పి. మధ్యాహ్నానికి చేరుకుని, ఒక రాత్రి ఉండి, మర్నాడు మధ్యాహ్నం బయల్దేరతాం. మావారు రాసిన జాబితాలో తొమ్మిది చోట్లున్నాయి. అన్నీ అవుతాయా?*
– ఒక గృహిణి, జగిత్యాల

కావండీ. కోట, వేయిస్తంభాల గుడి, భద్రకాళి అమ్మవారు, ఈ మూడు చాలు. ఏది ఏ పూట చూడాలన్నదే అసలు సంగతి. ఓరుగల్లులో చూడాల్సిందంతా రాయే. పొద్దెక్కితే ఆ రాయి కాలు పెట్టనివ్వదు. అందుకే చెప్పులు విప్పాల్సిన గుళ్లు పొద్దున పెట్టుకోండి, చెప్పులతో తిరగగలిగే కోట సాయంత్రం పెట్టుకోండి.

దిగగానే కోటకు పరుగెత్తవద్దు. భోంచేసి, అత్తమ్మను ఓ గంట నడుం వాల్చనిచ్చి, మూడున్నరకు బయల్దేరండి. దారిలో రాతికోట ద్వారం వస్తుంది. అక్కడ రోడ్డు తిన్నగా పోకుండా గోడల మధ్య మెలిక తిరుగుతుంది. శత్రువుల ఏనుగులు, గుర్రాలు ఒక్క ఊపున దూసుకురాకుండా అలా కట్టారు. బాబుకు ఇది బండిలో కూర్చునే చూపించండి. ఇప్పటికీ ఊళ్లోకి బళ్లు ఆ ద్వారంలోంచే వస్తాయి, మలుపులో ఎదురుబండి కనబడదు. పిల్లల్ని అక్కడ నిలబెట్టి ఫోటో తీయడం ప్రమాదం. రాతిగోడకు బయట మట్టికోట ఉంది. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ దండు దీన్ని ముట్టడించింది. యంత్రాలతో విసిరిన రాయి తగిలినా వెనక్కి ఎగిరిపడేంత గట్టిది ఆ మట్టిగోడ అని ఢిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రో రాశాడు. పదేళ్ల పిల్లాడు ఇలాంటి మాట మరిచిపోడు.

కీర్తితోరణాల ఆవరణకు పెద్దలకు 25 రూపాయల టికెట్. పదిహేనేళ్లలోపు పిల్లలకు అక్కర్లేదు. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, మధ్యలో స్వయంభూ శివాలయం శిథిలాలు ఉంటాయి. కాకతీయ రాజు గణపతిదేవుడి కథ మొదలుపెడితే పాపకు రెండు నిమిషాల్లో విసుగొస్తుంది. దానికి బదులు ఒక పని అప్పగించండి. తోరణం పైదూలం మీద హంసలు బారు తీరి ఉంటాయి. వాటిని బాబు లెక్కపెట్టాలి, తామరమొగ్గలు పాప వెతకాలి. అది అయ్యాక "తోరణం మీద దేవుడి బొమ్మ ఏదైనా కనబడిందా?" అని అడగండి. 1323లో కోట ఢిల్లీ సేనల చేతికి చిక్కాక గుడి కూలింది, తోరణాలు మాత్రం నిలిచాయి. వాటిమీద దేవతామూర్తులు లేకపోవడమే కారణం కావచ్చని చరిత్రకారులు అంటారు. తెలంగాణ రాజముద్రలో ఉన్నది ఈ తోరణమే కాబట్టి, ఫోన్లో ఆ ముద్ర తెరిచి పక్కపక్కన పెట్టి పోల్చుకోమనండి.

నేలంతా విరిగిన స్తంభాలు, సింహం తలలు, పద్మాలు పరిచి ఉంటాయి. పిల్లలు వాటిమీద ఎక్కి గెంతుతారు. కావలివాళ్లు అరిచేదాకా ఆగకుండా గేటు దగ్గరే చెప్పి ఉంచండి. రాతి అంచులు గీసుకుంటే లోతుగా తెగుతుంది కూడా. అత్తమ్మ ఆ రాళ్ల మధ్యకు దిగనక్కర్లేదు, బాట మీద నుంచే తోరణాలు బాగా కనబడతాయి. అక్కణ్నుంచి దగ్గర్లోనే ఖుష్‌మహల్. గోడలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి, హాల్లో ఎండాకాలం కూడా చల్లగా ఉంటుంది. తవ్వకాల్లో దొరికిన శిల్పాలు అక్కడే పెట్టారు. మేడ మీదికి మెట్లు ఇరుకు, ఒక్కో మెట్టూ ఎత్తు. పెద్దావిడ కింద కూర్చుంటే మిగతావాళ్లు ఎక్కి రావచ్చు. దిగేటప్పుడు పెద్దలు ముందు, పిల్లలు వెనక.

బాబుకు ఇంకా ఓపికుంటే శివనగర్‌లోని మెట్లబావి చూపించండి. కాకతీయుల కాలం నాటిది, అంతస్తులుగా కిందికి దిగుతుంది. అడుగున నీళ్లుంటాయి కనుక చెయ్యి వదలకూడదు. లేదంటే కోటలోనే చీకటి పడేదాకా ఉండి సౌండ్ అండ్ లైట్ షో చూడొచ్చు. వాన పడితే షో నడపరు. తెలుగు ఆట, ఇంగ్లిష్ ఆట వేరువేరు. ఆ రోజు ఉందా, తెలుగు ఎన్నింటికి అన్నది టికెట్ తీసుకునేటప్పుడే అడగండి. ఆరుబయట కూర్చోవాలి కాబట్టి పాపకు స్వెటర్, అందరికీ దోమల క్రీము ఉండాలి.

మర్నాడు ఏడింటికల్లా వేయిస్తంభాల గుడికి చేరుకోండి. రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటం ఇది. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్లు. ఎదుట ఒకే రాతిలో చెక్కిన నంది. దాని మెడలోని గంటల దండ పిల్లలకు దగ్గరగా చూపించండి, ఒక్కో గంటా విడిగా తీసుకోవచ్చేమో అనిపిస్తుంది. నందికి అవతల కల్యాణమండపం. దీన్ని రాయి రాయిగా విప్పి, మళ్లీ పేర్చి, 2024 మార్చిలో శివరాత్రినాడు తెరిచారు. ఇక్కడ గంటన్నర సరిపోతుంది. స్తంభాలు లెక్కపెట్టే పని మాత్రం పెట్టొద్దు. సగంలో గొడవైపోతుంది.

ఆ తర్వాత భద్రకాళి దర్శనం. శుక్రవారం, ఆదివారం వరస పొడవుంటుంది, అత్తమ్మ నిలబడలేరు. వేరే రోజు చూసుకోండి.

*మంచిర్యాల నుంచి రైల్లో వస్తాం. కాజీపేటలో దిగాలా, వరంగల్‌లోనా?*
– మంచిర్యాల పాఠకుడు

మీరెక్కే రైలు ఎటు పోతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. సికింద్రాబాద్ వైపు మళ్లే బళ్లు కాజీపేటలో ఆగుతాయి, వరంగల్ స్టేషన్‌కు రావు. విజయవాడ వైపు వెళ్లే వాటికి వరంగల్‌లో దిగండి. రెండు స్టేషన్ల మధ్య దూరం సుమారు 10 కిలోమీటర్లు, మధ్యలో హనుమకొండ. వేయిస్తంభాల గుడి హనుమకొండలో ఉంది, కోట వరంగల్ స్టేషన్ వైపు ఉంది. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే "వరంగల్" అని చూసి స్టేషన్ దగ్గర లాడ్జి తీసుకుంటారు, తీరా తిరిగొచ్చేటప్పుడు కాజీపేటలో తెల్లవారుజామున బండి ఎక్కాల్సి వస్తుంది. ముందు తిరుగు టికెట్ చూసుకుని, దాన్నిబట్టి గది తీసుకోండి. హనుమకొండ చౌరస్తా, బస్టాండు పరిసరాలు రెండింటికీ అనుకూలం.

*మా అమ్మాయి ఎనిమిదో తరగతి. రామప్పను యునెస్కో ఎందుకు గుర్తించిందో గుడి దగ్గరే అర్థమయ్యేలా చెప్పాలని ఉంది. అదే రోజు లక్నవరం, బొగత కూడా అవుతాయా?*
– ఒక తండ్రి, కరీంనగర్

రామప్ప గుడి, లక్నవరం చెరువు అవుతాయి. బొగత జలపాతం వాజేడు మండలంలో ఉంది. హనుమకొండ నుంచి ఒకవైపే మూడు గంటల ప్రయాణం. దాన్ని కలిపితే మూడూ చెడతాయి. అది వానాకాలంలో విడిగా వెళ్లాల్సిన చోటు, వరద ఎక్కువుంటే నీళ్లలోకి దిగనివ్వరు.

హనుమకొండలో ఆరింటికి కదిలితే ములుగు, జంగాలపల్లి మీదుగా ఎనిమిదిలోపు రామప్ప గుడి ఉన్న పాలంపేట చేరతారు. బస్సులో అయితే ఏటూరునాగారం బస్సెక్కి జంగాలపల్లిలో దిగి ఆటో మాట్లాడుకోవాలి. తిరిగి రావడానికి కూడా అదే ఆటోను మాట్లాడుకోండి, గుడి దగ్గర అన్ని వేళలా దొరకవు.

పొద్దున్నే వెళ్లమనడానికి ఇంకో కారణం ఉంది. గుడి ముఖం తూర్పుకు. ఏటవాలు ఎండ శిల్పాల మీద పడినప్పుడే గీతలు లోతుగా కనబడతాయి, మధ్యాహ్నం అంతా చదునుగా తోస్తుంది. కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దీన్ని కట్టించాడు, యునెస్కో గుర్తింపు 2021 జులైలో వచ్చింది. ఈ రెండూ చెప్పి, ఇక కట్టడంలో వాడిన మూడు రకాల పదార్థాలు అమ్మాయికి పోల్చి చూపించండి. గోడలు ఎర్ర ఇసుకరాయి. స్తంభాలు, మదనికలు (స్త్రీ శిల్పాలు) నల్లరాయి. పైన విమానం, అంటే గుడి శిఖరం, తేలికపాటి ఇటుక. బరువు పైకి పోయేకొద్దీ తగ్గాలన్నది ఆ కట్టడంలోని ఆలోచన. ఆ ఇటుకలో సన్నని రంధ్రాలుండటం వల్ల నీటి మీద తేలుతుంది. గుడి ఇటుకను ముట్టుకోవద్దు, పెళ్ల ఊడదీయవద్దు. పాదాలు రుద్దుకునే ప్యూమిస్ రాయి ఒకటి బకెట్‌లో వేసి ఇంట్లోనే చూపించవచ్చు.

పునాది సంగతి కూడా ఇంట్లో చేసి చూపించండి. గుంత తీసి, ఇసుకతో నింపి, దానిమీద గుడి కట్టారు. దాన్ని సాండ్‌బాక్స్ పద్ధతి అంటున్నారు. ఒక తట్టలో నాలుగు అంగుళాల మందాన తడి ఇసుక గట్టిగా అదిమి, దానిమీద ఐదారు చెక్కదిమ్మెలు నిలువుగా పేర్చండి. అన్నే దిమ్మెలు ఖాళీ తట్టలో పేర్చండి. రెంటినీ బల్ల మీద పెట్టి బల్లను కొద్దిగా కుదపండి. ఏ తట్టలోవి ముందు పడతాయో చూడమనండి. ఇసుక కుదుపును కొంత మింగేస్తుందన్నది ఈ పద్ధతిలోని ఆలోచన. ఆ ఇసుక పక్కకు జారిందా, దిమ్మెలన్నీ ఒకవైపు ఒరుగుతాయి. అందుకే ఇలాంటి గుళ్ల చుట్టూ తవ్వకాలు, నీటి ఊట విషయంలో అంత జాగ్రత్త అవసరం.

గుడిలో తప్పక ఆగాల్సినవి రెండు. ఒకటి, ప్రవేశ ద్వారాల దగ్గర చూరు కింద ఏటవాలుగా నిలిచిన పన్నెండు మదనికలు. ఒక బొమ్మ కాళ్లకు ఎత్తుమడమల పాదరక్షలు ఉంటాయి, అదేదో అమ్మాయినే కనిపెట్టమనండి. రెండోది నంది. చెవులు నిక్కించి, స్వామి పిలుపు వినబడగానే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు ఉంటుంది. దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అది ఎటు చూస్తుందో అటు చూడాలి. నిలబడి చూస్తే ఆ ఉత్సాహం తెలియదు.

పదిన్నరకు బయల్దేరి మళ్లీ జంగాలపల్లికి వచ్చి, ఏటూరునాగారం రోడ్డు మీద చల్వాయి దాకా పోతే లక్నవరం దారి వస్తుంది. మధ్యాహ్నానికి చేరతారు. అన్నం డబ్బాలు వెంట ఉంటే మంచిది, సెలవు రోజుల్లో అక్కడ తిండి దొరకడం ఆలస్యమవుతుంది. వేలాడే వంతెన మీద పిల్లలు గెంతితే వెనక నడిచే పెద్దవాళ్లు తూలుతారు. పడవ ఎక్కేముందు లైఫ్ జాకెట్ పట్టీలు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ చెవుల దాకా లేస్తే అది ఆ పిల్లకు పెద్దది, వేరేది అడిగి తీసుకోవాలి. నాలుగింటికి తిరుగుముఖం పట్టండి, అడవి దారిలో చీకటి త్వరగా పడుతుంది.

*పది నెలల బాబుతో రావచ్చా? తోపుడుబండి తెచ్చుకోవాలా?*
– నిజామాబాద్ పాఠకురాలు

రావచ్చు. బండి వద్దు. గుళ్లలో గడపలు, కోటలో రాళ్లు, దాన్ని మోసుకు తిరగడమే పనవుతుంది. చీరతోనో బేబీ క్యారియర్‌తోనో ఒంటికి కట్టుకోండి. బాబుకు, మీకు కూడా నూలు మేజోళ్లు పెట్టుకోండి. చెప్పులు విప్పినచోట నడవడానికి అవే దిక్కు. మార్చి మధ్య నుంచి జూన్ తొలివానల దాకా పసిపిల్లలతో పదకొండు, నాలుగు గంటల మధ్య బయట తిరగవద్దు.

*కొనుక్కుని రావడమే కాకుండా, తయారు చేసేవాళ్లను పిల్లలకు చూపించాలని ఉంది. ఎక్కడికి వెళ్లాలి?*
– ఉపాధ్యాయిని, సిరిసిల్ల

వరంగల్ నగరంలోని కొత్తవాడకు. వరంగల్ జంపఖానాలు నేసేది అక్కడే, 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిరిసిల్ల పిల్లలకు మరమగ్గం కొత్త కాదు, చేత్తో నేసే జంపఖానా మాత్రం తప్పక చూడాలి. పడుగు కనబడకుండా పేకను పంజాతో (దువ్వెనలాంటి పనిముట్టు) కొట్టి కొట్టి దగ్గరకు తెస్తారు. ఆ దెబ్బ బలం ఒకేలా లేకపోతే అంచు వంకరపోతుంది. పనిదినాల్లో పొద్దున పదికి వెళ్లండి. మగ్గాలుండేది ఇళ్లలో, షెడ్లలో. ముందు అడిగి, ఐదారుగురికి మించకుండా లోపలికి పంపాలి. నేసేవాళ్ల పని ఆపి వాళ్ల సమయం తీసుకున్నందుకు ఒక చిన్న ఆసనమైనా కొంటే మర్యాద. కొనేముందు తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల గట్టిగా రుద్దండి, రంగు అంటితే మొదటి రెండు ఉతుకులు విడిగా ఉతకాలి. మడత విప్పి నేల మీద పరిచి నాలుగు మూలలూ కూర్చున్నాయో లేదో చూడండి.

హైదరాబాద్ దారిలో తిరిగి వెళ్లేవాళ్లయితే జనగామ దాటాక పెంబర్తిలో ఆగవచ్చు. ఇత్తడి రేకును లక్క కలిపిన పరుపు మీద అతికించి, ఉలితో వెనక నుంచి ఉబ్బెత్తు, ముందు నుంచి గీత తెస్తారు. రేకు కింద మెత్తన లేకపోతే ఉలిదెబ్బకు చిరుగుతుంది. సుత్తి చప్పుడు ఎక్కువ, చిన్నపిల్లల్ని కాస్త దూరంగా ఉంచండి.

*బతుకమ్మకు వస్తే బాగుంటుందా, మేడారం జాతరప్పుడా?*
– ఆదిలాబాద్ పాఠకుడు

బతుకమ్మకు రండి. ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి, సద్దుల నాడు పద్మాక్షి గుట్ట కింది గుండం దగ్గర వేల మంది ఆడవాళ్లు చేరతారు. బండి దూరంగా ఆపి నడవాలి. పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ ఉంచండి, గుంపులో ఫోన్లు కలవవు. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి వస్తుంది. అది చూడాలనే వస్తే సరే, రామప్ప చూద్దామనుకుంటే మాత్రం ఆ రెండు వారాలు వద్దు. ములుగు రోడ్డంతా జాతర బళ్లే, రెండు గంటల దారికి ఎంతసేపు పడుతుందో చెప్పలేం.