దేవుడు క్షమించాడని తెలిసినా ఆ సిగ్గు ఎందుకు పోవట్లేదు?

ప్రార్థనలో ఒప్పుకున్నా పాత తప్పు గుర్తొస్తే తలెత్తుకోలేకపోతున్నా అని అడిగారు కదా, చాలామంది విశ్వాసులు లోపల మోసే బరువే ఇది. తప్పు చేశాను అనే బాధ వేరు, నేనే పనికిరాను అనే సిగ్గు వేరు. బైబిల్లో 1 యోహాను 1:9 ప్రకారం ఒప్పుకుంటే దేవుడు క్షమించి పవిత్రుల్ని చేస్తాడు, మనసు తేలికపడితేనే క్షమించినట్టు అని కండిషన్ ఏమీ లేదక్కడ.

సిగ్గు మాత్రం మొండిది. యేసుని బంధించిన రాత్రి ఆయన శిష్యుడు పేతురు నిప్పుల మంట దగ్గర చలి కాచుకుంటూ యేసు ఎవరో తెలీదని మూడుసార్లు అనేసి తర్వాత ఎంతో ఏడ్చాడు, యోహాను 21లో యేసు మళ్లీ నిప్పుల దగ్గరే అతనికి రొట్టె, చేపలు పెట్టి "నన్ను ప్రేమిస్తున్నావా" అని సరిగ్గా మూడుసార్లే అడిగి తన గొర్రెల్ని మేపమని అప్పగించాడు. చూశారా, గాయాన్ని కప్పెట్టలేదు, అలాగని పేతురుని పక్కన పెట్టేయనూ లేదు. నాకైతే ఇది చదివిన ప్రతిసారీ కళ్లు తడుస్తాయి. యేసుని 30 వెండి నాణేలకి పట్టిచ్చిన శిష్యుడు యూదా కూడా బాధపడ్డాడు, ఆ నాణేలు తిరిగిచ్చేశాడు, కానీ యేసు దగ్గరికి తిరిగి రాలేదు.

ఇంకోటి, క్షమాపణ దొరికిందని ఎదుటివాళ్ల నష్టం వదిలేయకూడదు, పన్నులు వసూలు చేసే జక్కయ్య యేసుని కలిశాక, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. మీరు కూడా సరిచేయగలిగింది సరిచేయండి, నమ్మకస్తులైన ఒకరితో నోరు విప్పి చెప్పండి (యాకోబు 5:16 చెప్పేది అదే), నిద్ర పట్టనంతగా వేధిస్తుంటే కౌన్సెలర్‌ని కూడా కలవండి, అది అవిశ్వాసమేం కాదు.