గ్రేడింగ్‌కి పంపే కార్డుని దేంట్లో పెట్టాలి?

చిన్నా,

గ్రేడింగ్‌కి, అంటే కార్డు ఎంత బాగుందో చూసి 10 దాకా మార్కు వేసే సంస్థకి, పంపే నీ సేకరణ కార్డుల కోసం ఉన్నవాటిలో గట్టి హోల్డర్, ఖరీదైనా సరే, కొనేస్తానన్నావట. కాస్త ఆగు. బీరువాలో దాచుకునే కార్డు సంగతి వేరు, గ్రేడింగ్‌కి వెళ్లేది వేరు. అక్కడ ముక్కూ మొహం తెలియని మనిషి ఎవరో దాన్ని బయటికి తీస్తాడు. రోజంతా అతనికి అదే పని. అంచు ఎక్కడా తగలకుండా కార్డు అతని చేతిలోకి ఇట్టే రావాలి. హోల్డర్ ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది అదే.

అందుకే పీఎస్‌ఏ లాంటి గ్రేడింగ్ సంస్థలు సెమీ రిజిడ్ హోల్డర్, అంటే కాస్త వంగే ప్లాస్టిక్ కవరు, అడుగుతాయి. అందరూ కార్డ్ సేవర్ అనేస్తారు గానీ అది ఒక బ్రాండ్ పేరు. అందులో 1, 2 అని రకాలున్నాయి, నువ్వు 1 తీసుకో. 2 మరీ బిగుతు, స్లీవ్‌తో (కార్డుకి ముందు తొడిగే పల్చటి కవరు) కలిపి దూర్చాలంటే కుస్తీ పట్టాలి. 1 కొంచెం వెడల్పు, పైన ఒకవైపు పొర అర అంగుళం దాకా ఎత్తుగా ఉంటుంది. అక్కడ పట్టుకుని రెండు పొరలూ విడదీస్తే కార్డు వదులవుతుంది. టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ హోల్డర్ అలా వంగదు. తలకిందులు చేసి తట్టాలి, లేదంటే స్లీవ్ పట్టుకుని లాగాలి. మూలలు దెబ్బతినేది అక్కడే. మూల మీద ఓ చిన్న తెల్లచుక్క పడితే చాలు, 10 రావాల్సిన కార్డు 9 దగ్గర ఆగిపోవచ్చు.

మాగ్నెట్‌తో మూసుకునే హోల్డర్లు షెల్ఫులో పెట్టుకోవడానికి బాగుంటాయి, వాటిని అక్కడే ఉంచు. స్క్రూలు బిగించేవి మాత్రం ఇంట్లో కూడా వద్దు. ఎక్కువ బిగిస్తే కార్డు నొక్కుకుపోతుంది, చివరికి మార్కు వేసే గ్రేడర్‌కి, ఎవరో కావాలని మార్చారేమోనని, కార్డు మీదే అనుమానం వస్తుంది.

హోల్డర్ కన్నా ముందు ఆ పల్చటి కవరు, పెన్నీ స్లీవ్. పాతవి వాడకు, కొత్త ప్యాకెట్ విప్పు. ఒక్కో స్లీవ్‌నీ లైటుకి అడ్డంగా పట్టి చూడు. లోపల చిన్న నలుసున్నా మెరిసే ఫాయిల్ కార్డు మీద సన్నటి గీత పడుతుంది, అది పక్కకి వంచి చూస్తే తప్ప కనబడదు. వాసన కొట్టే పాత ఆల్బమ్ కవర్లు చాలావరకు పీవీసీవి, వాటి జోలికి పోకు. పాలీప్రొపిలీన్ అని రాసి ఉన్నవి తీసుకో.

ఇక పెట్టే పద్ధతి. స్లీవ్ నోటిని వేళ్లతో కాస్త తెరిచి, కార్డు అడుగు అంచులో ఒక మూలని ముందు లోపలికి పంపి, ఆ తర్వాత రెండోది పంపు. రెండూ ఒకేసారి నెడితే ఒకటి స్లీవ్ అంచుకి గుద్దుకుంటుంది. తర్వాత హోల్డర్ రెండు పక్కలా మెల్లగా నొక్కు, నోరు తెరుచుకుంటుంది. స్లీవ్ తెరిచిన వైపు పైకే ఉండాలి. మధ్యలో ఎక్కడైనా పట్టేస్తే బలవంతంగా తోయకు, బయటికి తీసి చూడు. స్లీవ్ మూల మడతపడి ఉంటుంది. హోల్డర్ నోటికి టేపు వేయొద్దు. ఆ జిగురు కార్డుకి అంటుకుంటుందని నాకు ఎప్పుడూ టెన్షనే.

ఆటగాడి జెర్సీ ముక్క పెట్టిన దళసరి కార్డులకి మాత్రం లెక్క మారుతుంది. మందం పాయింట్లలో చెబుతారు, ఒక పాయింట్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మామూలు కార్డు 35 దాకా ఉంటుంది, ఇవి 130, 180 కూడా ఉంటాయి. వాటిని సెమీ రిజిడ్‌లో కుక్కితే ఒత్తిడికి మూలలు నలుగుతాయి. టాప్‌లోడర్ వద్దన్న నేనే వీటికి సరిపడే మందంలో అదే వాడమంటాను. పంపే సంస్థ నియమం మాత్రం ముందు చదువు.

ప్యాకింగ్‌కి పెద్ద కష్టమేం లేదు. ఫారంలో రాసిన వరుసలోనే కార్డులు పేర్చి, హోల్డర్ కన్నా కాస్త పెద్దవైన రెండు అట్టముక్కల మధ్య పెట్టి, రబ్బరు బ్యాండు వదులుగా వెయ్యి. బబుల్ ర్యాప్ చుట్టి పెట్టెలో పెట్టాక ఊపి చూడు, కదలకూడదు. స్లీవ్‌లో వేయకముందే ముందూ వెనకా ఫోటోలు తీసుకోవడం మర్చిపోకు.

లిస్టు తయారయ్యాక నాకు పంపు. దళసరి కార్డులుంటే విడిగా రాయి, ఏది ఎంత మందమో చూసి చెబుతాను.

మీ బాబాయ్