ఎడ్జ్‌లో తెరుచుకుని ఫైర్‌ఫాక్స్‌లో ఆగిపోతే ఇలా చూడండి

అండీ, మీ బ్యాంకు సైటు ఎడ్జ్‌లో బాగానే వస్తోంది, ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం భద్రతా హెచ్చరిక వస్తోందన్నారు కదా. అది కూడా కొత్త యాంటీవైరస్ వేసిన రోజు నుంచే. అయితే తప్పు సైటుది కాకపోవచ్చు.

ముందు నిర్ధారించుకోండి. హెచ్చరిక పేజీలో ‘అడ్వాన్స్‌డ్’ నొక్కి, ‘వ్యూ సర్టిఫికెట్’ తెరవండి. సర్టిఫికెట్ అంటే సైటు అసలైనదేనని చూపే డిజిటల్ గుర్తింపు పత్రం. జారీ చేసినవారి దగ్గర మీ యాంటీవైరస్ పేరే కనిపిస్తే దొంగ దొరికినట్టే. హెచ్‌టీటీపీఎస్ పేజీలను, అంటే గుప్తంగా మార్చి పంపే పేజీలను, వడకట్టడానికి అది మధ్యలో కూర్చుని, సైటు సర్టిఫికెట్ బదులు తనది ఇస్తుంది. ఎడ్జ్ విండోస్‌లో చేర్చిన సర్టిఫికెట్లను నమ్ముతుంది. ఫైర్‌ఫాక్స్‌కు సొంత జాబితా ఉంది, అందుకే ఒప్పుకోదు.

ఫైర్‌ఫాక్స్ పాతదైతే ముందు అప్‌డేట్ చేయండి. 2023 నవంబరులో వచ్చిన 120వ వెర్షన్ నుంచి విండోస్‌లో చేర్చిన రూట్ సర్టిఫికెట్లను (మిగతా సర్టిఫికెట్లను నమ్మడానికి ఆధారమైనవి) అది తనంతట తానే తీసుకుంటుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద, సర్టిఫికెట్ల దగ్గర ఆ టిక్కు ఉందో లేదో చూడండి.

అప్పటికీ రాకపోతే యాంటీవైరస్‌లో హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ ఒక్కటే ఆపి, బ్రౌజర్ మూసి మళ్లీ తెరవండి. మొత్తం యాంటీవైరస్ మాత్రం ఆపకండి. జారీదారు పేరు అసలు తెలియనిదైతే ‘రిస్క్ తీసుకుని కొనసాగు’ నొక్కొద్దు, పాస్‌వర్డ్ కొట్టొద్దు. బ్యాంకు డబ్బుతో పని, దయచేసి జాగ్రత్త. ఆ పేరేమిటో ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.