మెదడు జబ్బుల మీద రీసెర్చ్ చేస్తానంటోంది!

ప్రశ్న: మా అమ్మాయి ఖమ్మంలో ఇంటర్ రెండో ఏడాది బైపీసీ చదువుతోంది. నీట్ కోచింగ్ కూడా ఇప్పిస్తున్నాం. ఈమధ్య ఇన్ఫోసిస్ ప్రైజ్ అందుకున్న సిద్ధేశ్ కామత్ గురించి ఎక్కడో చదివి, 'డాక్టర్ వద్దు, నేనూ ఆయనలా కణాల్లోని కొవ్వుల మీద, మెదడు జబ్బుల మీద రీసెర్చ్ చేస్తా' అంటోంది. దానికి ఏ కోర్సు చదవాలి? ఎన్నేళ్లు పడుతుంది? తర్వాత బతుకుతెరువుకు ఢోకా ఉండదా?
- ఓ తండ్రి

జవాబు: మీ మనసులో ఉన్నది ఆ చివరి ప్రశ్నేనని అర్థమైంది. దాని దగ్గరికి వస్తాను. ముందు ఆయన చేసే పనేమిటో మీ ఇద్దరికీ తెలియాలి. 'మెదడు' అన్న మాట చూసి ఇటు రావాలనుకునే పిల్లల్లో చాలామందికి, ల్యాబ్‌లో తమ చేతికొచ్చేది కెమిస్ట్రీ అని తెలియదు.

కామత్ కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్య, పరిశోధన సంస్థ అయిన పుణె ఐసర్‌లో ప్రొఫెసర్. 2024లో లైఫ్ సైన్సెస్ విభాగంలో ఆ ప్రైజ్ వచ్చింది. ఆయన పనిలో ముఖ్యమైన భాగం లైసో-పీఎస్ అనే లిపిడ్ (కొవ్వు పదార్థం) చుట్టూ తిరుగుతుంది. కణంలో ఒక ఎంజైమ్ దీన్ని తయారుచేస్తే, ఏబీహెచ్‌డీ12 అనే ఇంకో ఎంజైమ్ విరగ్గొడుతుంది. ఆ విరగ్గొట్టే ఎంజైమ్ జన్యువు చెడితే ఫార్క్ అనే అరుదైన వంశపారంపర్య జబ్బు వస్తుందని 2010లో తేలింది. చూపు, వినికిడి తగ్గుతాయి, నడక తూలుతుంది. ఆ ఎంజైమ్ లేని ఎలుకల మెదడులో లైసో-పీఎస్ పేరుకుపోయి, అక్కడ కాపలా కాసే మైక్రోగ్లియా కణాలు రెచ్చిపోయినట్టు ఆ తర్వాత ప్రయోగాల్లో కనిపించింది. అంటే జబ్బు నరాలదే అయినా, దాని మూలం ఒక రసాయన బంధం తెగకపోవడంలో ఉంది.

ఇక రోజువారీ పని. ఎలుక మెదడు ముక్కను నూరి క్లోరోఫామ్, మిథనాల్ కలిపి కుదుపుతారు. కాసేపటికి రెండు పొరలుగా విడిపోతుంది. లిపిడ్లు కింది పొరలోకి దిగుతాయి. ఆ పొరను మాత్రమే, మధ్యలో తేలే తెల్లటి ప్రొటీన్ తెట్టు తగలకుండా, సన్నటి గాజు పిపెట్‌తో లాగాలి. ప్లాస్టిక్ గొట్టం వాడితే దాంట్లోని రసాయనాలు క్లోరోఫామ్‌లో కలిసి లెక్కలన్నీ పాడవుతాయి. తర్వాత నైట్రోజన్ గాలి ఊది ఆరబెట్టి, అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఎక్కిస్తారు. శాంపిల్ తర్వాత శాంపిల్, నెలల తరబడి ఇదే. ఈ పేరా మీ అమ్మాయికి చదివి వినిపించండి. 'ఇంతేనా?' అంటే ఒక సంగతి, 'మరి పై పొరలో ఏముంటుంది?' అంటే ఇంకో సంగతి.

ఇంకోటి కూడా గమనించండి. ఆర్గానిక్ కెమిస్ట్రీ రియాక్షన్లు బట్టీ కొట్టి గట్టెక్కుతోందా, లేక బంధం అక్కడే ఎందుకు తెగిందని లెక్చరర్‌ను విసిగిస్తోందా? నీట్ టెన్షన్ తప్పించుకోవడానికి రీసెర్చ్ పేరెత్తే పిల్లలూ ఉంటారు. అది నేరమేమీ కాదు, కానీ ఆ కారణంతో వస్తే ఇక్కడ నిలబడటం కష్టం.

దారి విషయానికొస్తే, ఐసర్‌లలో డిగ్రీ, పీజీ కలిసిన అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ నేరుగా సరిపోయే కోర్సు. దేశంలో ఏడు ఐసర్‌లున్నాయి, ఒకటి మన తిరుపతిలోనే. ప్రవేశం వాటి సొంత ఎంట్రన్స్ పరీక్ష ఐఏటీ ద్వారా. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ నుంచి 15 చొప్పున 60 ప్రశ్నలు. బైపీసీ వాళ్లూ రాయొచ్చు. పరీక్షలో మ్యాథ్స్ వదిలేసినా మిగతా మూడింటితో నెట్టుకురావచ్చు గానీ, సీటొచ్చాక మొదటి ఏడాది మ్యాథ్స్, ఫిజిక్స్ అందరికీ తప్పవు. బైపీసీ పిల్లలు నలిగిపోయేది సరిగ్గా అక్కడే. ఇప్పటినుంచే రోజుకో గంట ఇంటర్ మ్యాథ్స్ చేయించండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చదివి ఎంఎస్సీ బయోకెమిస్ట్రీ మీదుగా వెళ్లినా ఫర్వాలేదు. పీహెచ్‌డీకి పుణెయే వెళ్లాలనీ లేదు. హైదరాబాద్‌లోని కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో అమితాభ ఛటోపాధ్యాయ కణపొరల్లోని కొలెస్ట్రాల్‌కూ సెరటోనిన్ రిసెప్టర్‌కూ (మెదడు రసాయనం సెరటోనిన్‌ను అందుకునే ప్రొటీన్) ఉన్న సంబంధం మీద ఏళ్ల తరబడి పనిచేశారు.

ఇక డబ్బు. పీహెచ్‌డీకి అయిదారేళ్లు. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. ఆపైన పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత ఇంకొకరి ల్యాబ్‌లో చేసే పరిశోధన) కూడా కలిపితే సొంత ల్యాబ్ వచ్చేసరికి 32, 33 ఏళ్లు దాటుతాయి. ఆ ఉద్యోగాలూ తక్కువే. అయితే ఈ రంగంలో ఒక వెసులుబాటు ఉంది. లిపిడ్లను కొలిచే ఆ ఎల్‌సీ-ఎంఎస్ మెషిన్లే (పైన చెప్పిన మాస్ స్పెక్ట్రోమీటర్ రకమే) హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లోనూ వాడతారు. దాని మీద చేయి తిరిగినవాళ్లకు ప్రొఫెసర్ పోస్టు రాకపోయినా పని దొరుకుతుంది.

నీట్ మాత్రం మాన్పించొద్దు. మ్యాథ్స్ తప్ప సిలబస్ దాదాపు ఒకటే కాబట్టి రెండూ రాయనివ్వండి. ఎంబీబీఎస్ సీటొచ్చినా తర్వాత పీహెచ్‌డీ చేయొచ్చు. ఐఏటీ దరఖాస్తులు సాధారణంగా మార్చి ప్రాంతంలో మొదలవుతాయి. సరిగ్గా ఇంటర్ పరీక్షల హడావుడిలో పడుతుంది కాబట్టి ఆ తేదీ చూసుకునే పని మీరు తీసుకోండి.