ప్రేరణ కోసం దీవికి వెళ్ళడం: నేను సూచించే నవల, నేను గడిపిన ఏడు రోజులు

కళాకారులు ప్రేరణను వెతుక్కుంటూ నిర్జన ద్వీపాలకు వెళ్ళే నవలల్లో మనసును నిజంగా కలవరపెట్టేది ఏదని, అలా వెళితే రాత సాగుతుందా అని మీరు రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిదానికి నా జవాబు మీకు వింతగా తోచవచ్చు. ఫిన్లాండ్‌లో పుట్టి స్వీడిష్ భాషలో రాసిన రచయిత్రి, చిత్రకారిణి టూవే యాన్సన్ 1965లో వెలువరించిన నవల ఒకటి ఆంగ్లంలో ‘మూమిన్‌పాపా ఎట్ సీ’ అనే పేరుతో దొరుకుతుంది. దానిని చదవండి. మూమిన్‌లనే ఆ ఊహాజీవుల బొమ్మలున్న కప్పులో కాఫీ తాగుతూ దీన్ని పిల్లల పుస్తకాల అరలో పెట్టేవారే ఎక్కువ కానీ, నా దృష్టిలో ఇది పెద్దవాళ్ళు రాత్రిపూట ఒంటరిగా చదవకూడని పుస్తకం.

లోయలోని ఇంట్లో తన అవసరం ఎవరికీ లేదనే దిగులుతో మూమిన్ తండ్రి కుటుంబాన్ని వెంటబెట్టుకుని, సముద్రం మధ్యలో లైట్‌హౌస్ ఉన్న దీవికి తరలిపోతాడు. అక్కడ దీపం వెలగదు. దానిని చూసుకోవలసిన మనిషి జాడ తెలియదు. అతడు రోజులు లెక్కపెట్టుకున్న పెన్సిలు గీతలు మాత్రం గోడ మీద కనిపిస్తాయి. తండ్రి నోటుపుస్తకం తెరిచి, సముద్రం ఏ నియమాలకు లోబడి నడుస్తుందో తేల్చి రాయాలని కూర్చుంటాడు. దానికి నియమాలంటూ ఉంటే కదా! చెట్లు అలలకు భయపడి ఒడ్డు వదిలి పైకి పాకుతుంటాయి, గ్రోక్ అనే ఒంటరి జీవి కూర్చున్నచోటల్లా నేల గడ్డకట్టిపోతుంది.

నన్ను భయపెట్టినవి ఇవి కావు, తల్లి వేసిన బొమ్మ. ఇంటి మీది బెంగతో ఆమె అక్కడ దొరికిన రంగులు తీసుకుని లైట్‌హౌస్ గోడ మీద తన పూలతోటను, ఆపిల్ చెట్లను వేస్తుంది. ఒకనాడు ఆ చెట్టును కౌగిలించుకుని బొమ్మలోకే వెళ్ళిపోతుంది. ఇంట్లోవాళ్ళు ఆమెను వెతుకుతూ ఉంటే, ఆమె చెట్టు చాటునుంచి వాళ్ళను చూస్తూ ఉంటుంది. చుట్టూ అంత సముద్రం ఉండగా ఆమె ఒక్క అలనైనా గీయాలనుకోకపోవడం గమనించండి.

నేను ఈ నవల చదవడానికి ముందే, తెలియకుండానే, ఆ తల్లి చేసిన పనే చేశాను. ఉద్యోగరీత్యా ఫిన్లాండ్‌లోని ఎస్పోలో ఉంటున్న రోజుల్లో, సముద్రం నేపథ్యంగా నవల రాయాలనే తలపుతో, ఒక సెప్టెంబరులో పోర్వో తీరానికి అవతలి చిన్న దీవిలో ఆరు రోజులకు ఒక చెక్క కుటీరం అద్దెకు తీసుకున్నాను. అటువంటి ఇంటిని అక్కడ మొక్కి అంటారు. కరెంటు లేదు, కుళాయి లేదు. బియ్యం, కందిపప్పు, ఒక ఆవకాయ సీసా వెంట తీసుకెళ్ళాను. రాయడానికి దొరుకుతుందనుకున్న సమయమంతా కట్టెలు కొట్టడానికి, క్యానులలోని నీళ్ళు పొదుపుగా వాడటానికి, తడిసిన బిర్చ్ చెట్టు మొద్దులు అంటుకోక బెరడు చీల్చి రాజేయడానికి సరిపోయేది. రెండు రోజుల్లో సముద్రం గురించి మూడు వాక్యాలు రాసి, వాటిలో రెండు కొట్టేశాను.

మూడో రాత్రి కొవ్వొత్తి వెలుగులో కలం కదిలింది, కానీ సముద్రం వైపు కాదు. మాది కోనసీమలో ఒక లంక గ్రామం. చెప్పాలంటే నేను ద్వీపంలోనే పుట్టాను, అయితే మా వాళ్ళకు లంక అంటే గోదావరి పొంగితే విడిచి పోవలసిన చోటే తప్ప, ప్రేరణ కోసం వెళ్ళే చోటు కాదు. 1986 ఆగస్టు వరదలో మా నాయనమ్మ ఆవకాయ జాడీని ఒళ్ళో పెట్టుకుని పడవ ఎక్కడం, ఏటిగట్టు మీద గేదెల పక్కనే మేం పడుకోవడం, తడిసిన ధాన్యం మొలకెత్తిన వాసన, ఇవన్నీ పదకొండు పేజీలు ఆగకుండా వచ్చాయి. చేతివేళ్ళు కొయ్యబారాక గానీ పొయ్యి ఎప్పుడో ఆరిపోయిందని తెలియలేదు. లేచి, తలుపు పక్కన గోడ మీద స్విచ్చు కోసం తడిమాను. అది మా ఊరి ఇంట్లోని స్విచ్చు. కరెంటే లేని ఆ గదిలో, చెయ్యి గోడ మీద అలాగే ఉండగా, నేను ఎక్కడున్నానో తెలుసుకోవడానికి కొంత సమయం పట్టింది. ఆ క్షణాన్ని ఇప్పటికీ ఇష్టంగా తలచుకోలేను.

యాన్సన్ స్వయంగా దాదాపు మూడు దశాబ్దాలపాటు వేసవులు దీవిలో గడిపి పని చేసిన మనిషే కదా అని మీరు అడగవచ్చు. నిజమే. పెల్లింగె ద్వీపసముదాయంలోని క్లోవ్‌హారున్ అనే రాతి దీవి మీద నాలుగు వైపులా కిటికీలున్న ఒకే ఒక గదిని ఆమె 1960ల నడుమ కట్టించుకున్నారు. అయితే ఆమె అక్కడ ఒంటరిగా లేరు, జీవన సహచరి, చిత్రకారిణి టూలిక్కి పియెటిలా తోడుగా ఉన్నారు. పైగా ఆ ద్వీపాలు ఆమెకు చిన్నప్పటి వేసవులనుంచీ పరిచయం. మనలాగా పెట్టె సర్దుకుని ప్రేరణ కోసం దిగినవారితో ఆమెను పోల్చకూడదు.

ఆరో రోజు గాలి పెరిగి పడవ రాలేదు, మరునాటిదాకా ఆగవలసి వచ్చింది. అప్పటికి పొయ్యి ఒక్క పుల్లతో వెలిగించడం వచ్చింది, గాలి దిశ చూసి వాన ఎప్పుడొస్తుందో చెప్పగలుగుతున్నాను, నిజానికి హాయిగానే ఉన్నాను. సమయం దొరికిందని నా నోటుపుస్తకం తెరిస్తే ఊరు రాలేదు, నాయనమ్మ రాలేదు. యాన్సన్ నవల చివరిలో బెంగ తీరిన తల్లి మళ్ళీ తన ఆపిల్ చెట్టులోకి వెళ్ళబోతే చేతికి గట్టి గోడ తగులుతుంది. కొన్ని నెలల తరువాత ఆ పుట చదివి పుస్తకం మూసేశాను. ఆ పదకొండు పేజీలు ఇప్పటికీ పదకొండే. సముద్రం నవల ఇంకా మొదలు కాలేదు.