టెక్ సందేహాలు: వేలంలో పాడుకున్న వస్తువు రాకపోతే?

ప్రశ్న: ఈబేలో అమెరికా అమ్మకందారు దగ్గర పాత ఫిల్మ్ కెమెరా లెన్స్ వేలంలో పాడుకున్నాను. క్రెడిట్ కార్డుతో 140 డాలర్లు కట్టాను. రావాల్సిన తేదీ దాటి మూడు వారాలైంది. అడిగినప్పుడల్లా "ఇంకో వారం చూడండి" అంటున్నాడు. చూడమంటారా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చూడొద్దు. ఈ రోజే ఫిర్యాదు తెరవండి. వస్తువు రాలేదని ఈబే మనీ బ్యాక్ గ్యారంటీ కింద చెప్పుకోవడానికి గడువు 30 రోజులే. ఆర్డర్ పేజీలో చూపించిన డెలివరీ తేదీల్లో చివరిదాని నుంచి దీన్ని లెక్కపెడతారు. మీకు మిగిలింది వారం పైన ఒకటి రెండు రోజులు. అతను అడుగుతున్నది సరిగ్గా ఆ వారాన్నే. మోసం చేసేవాళ్లు చాలామంది గొడవ పడరు, మర్యాదగా మాట్లాడుతూ గడువు దాటించేస్తారు. నిజాయితీపరుడైతే ఫిర్యాదు వల్ల అతనికి పోయేదేమీ లేదు. ట్రాకింగ్ చూపిస్తాడు, వస్తువు అందాక మీరే మూసేస్తారు.

ముందు ఒక్కటి చూసుకోండి. విదేశీ కొరియర్ పార్సెళ్లు కేవైసీ పత్రాలు ఇవ్వకపోతే కస్టమ్స్ దగ్గరే ఆగిపోతాయి. ట్రాకింగ్‌లో అలా కనిపిస్తే తప్పు అమ్మకందారుది కాదు. కొరియర్ సంస్థ సైట్‌ను మీరే తెరిచి పత్రాలు పెట్టండి. ఎస్ఎంఎస్‌లో వచ్చిన లింకు మాత్రం నొక్కొద్దు.

ఫిర్యాదుకు మై ఈబేలో పర్చేజెస్‌లోకి వెళ్లి, ఆ ఆర్డర్ పక్కన మోర్ యాక్షన్స్ నొక్కి, వస్తువు అందలేదన్న ఆప్షన్ ఎంచుకోండి. అమ్మకందారుకు మూడు పనిదినాల సమయం ఉంటుంది. అప్పటికీ తేలకపోతే అదే పేజీలో ఈబేను జోక్యం చేసుకోమని అడగాలి. చాలామంది తప్పేది ఇక్కడే. ఫిర్యాదు తెరిచాం కదా, మిగతాది వాళ్లే చూసుకుంటారని ఊరుకుంటారు. 21 పనిదినాల్లో మీరు అడగకపోతే అది దానంతటదే మూతపడుతుంది.

"ఫిర్యాదు మూసేయండి, వెంటనే డబ్బు పంపుతా" అంటే ఒప్పుకోవద్దు. మూసినదాన్ని మళ్లీ తెరవలేరు. రిఫండ్ ఇవ్వదలచుకున్నవాడు ఫిర్యాదు తెరిచి ఉండగానే ఇవ్వగలడు. మాటలన్నీ ఈబే మెసేజుల్లోనే సాగాలి. వాట్సాప్‌కు మారితే మీ దగ్గరున్న రుజువును ఈబే చూడలేదు.

కార్డుతో కట్టారు కాబట్టి ఛార్జ్‌బ్యాక్ (కార్డు ఇచ్చిన బ్యాంకు ద్వారా కట్టిన డబ్బు వెనక్కి అడగడం) అనే రెండో దారీ ఉంది. వీసాలో వస్తువు అందకపోవడానికి 13.1 అనే కోడ్ ఉంది, గడువు సాధారణంగా రావాల్సిన తేదీ నుంచి 120 రోజులు. పేపాల్ ద్వారా కట్టినవారికైతే చెల్లించిన రోజు నుంచి 180 రోజులు. అక్కడ డిస్ప్యూట్ (అమ్మకందారుతో వివాదం) తెరిచాక 20 రోజుల్లో దాన్ని క్లెయిమ్‌గా (పేపాల్‌నే తేల్చమని అడగడం) మార్చకపోతే మూసుకుపోతుంది. రెండు దారులూ ఒకేసారి తొక్కకండి, బ్యాంకులో వివాదం మొదలైతే ఈబే తన ఫిర్యాదును మూసేస్తుంది. గడువు తక్కువున్న ఈబేతో మొదలుపెట్టి, అక్కడ కాకపోతే బ్యాంకుకు వెళ్లండి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

ప్రశ్న: అమ్మకందారు ఇచ్చిన ట్రాకింగ్ నంబరు అసలైనదో కాదో తెలుసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: తపాలా ద్వారా దేశాలు దాటి వచ్చే పార్సెలైతే కొంతవరకు తెలుసుకోవచ్చు. ఆ నంబరులో 13 అక్షరాలుంటాయి: మొదట రెండు ఇంగ్లిషు అక్షరాలు, తర్వాత తొమ్మిది అంకెలు, చివర పంపిన దేశపు కోడ్. అమెరికా నుంచి పంపానంటూ సీఎన్‌తో ముగిసే నంబరు ఇస్తే, అది చైనా నుంచి బయల్దేరినదని అర్థం.

తొమ్మిదో అంకె తనిఖీ కోసం. ముందున్న ఎనిమిది అంకెలను వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి కూడండి. మొత్తాన్ని 11తో భాగించి, శేషాన్ని 11లోంచి తీసేయండి. 12345678కి మొత్తం 204, శేషం 6, కాబట్టి తొమ్మిదో అంకె 5 కావాలి. (ఫలితం 10 వస్తే 0, 11 వస్తే 5 అనుకోవాలి.) లెక్క కుదరకపోతే నంబరు కల్పించినదో, టైపు చేయడంలో తప్పు పడిందో అన్నమాట. కుదిరినంత మాత్రాన పార్సెల్ మీదేనని కాదు, వేరేవాళ్ల నంబరు ఇచ్చి ఉండొచ్చు.

అమెరికా తపాలా ట్రాకింగ్‌లో రోజుల తరబడి 'ప్రీ షిప్‌మెంట్' అనే ఉంటే లేబుల్ ముద్రించారు గానీ పార్సెల్ ఇంకా పోస్టాఫీసులో స్కాన్ కాలేదు. 'పంపించాను' అన్న మాటకు అది రుజువు కాదు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. వేలంలో కొన్న టాబ్లెట్ డెలివర్ అయిందని ట్రాకింగ్ చెబుతోంది. మా ఇంటికి ఏమీ రాలేదు.
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: ఇది అన్నిటికన్నా చిక్కైన మోసం. అదే జిప్ కోడ్‌లో ఇంకో చిరునామాకు ఖాళీ కవరు పంపుతారు. ట్రాకింగ్‌లో ఊరు, జిప్ కోడ్ సరిపోతాయి, 'డెలివర్డ్' అని పడుతుంది. చాలా కేసుల్లో ఈబేకు ఆ రుజువు చాలు. (వస్తువు మొత్తం ఖరీదు 750 డాలర్లు, ఆ పైన ఉంటే సంతకం రుజువు కూడా అమ్మకందారే చూపాలి.)

మీ పేటకు బట్వాడా చేసే పోస్టాఫీసుకు గుర్తింపు కార్డు, ట్రాకింగ్ నంబరుతో వెళ్లండి. డెలివరీ స్కాన్ ఏ చోట జరిగిందో వాళ్ల దగ్గర జీపీఎస్ నమోదు ఉంటుంది. పార్సెల్ మీ చిరునామాకు రాలేదని రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి, బరువు నమోదై ఉంటే అదీ రాయించుకోండి. టాబ్లెట్ పెట్టె బరువు కొన్ని గ్రాముల్లో ఉండదు కదా. ఆ కాగితాన్ని ఈబే ఫిర్యాదుకు జతచేయండి. కేసు మీకు వ్యతిరేకంగా తేలినా అప్పీలుకు అదే ఆధారం.

ఇండియాలో ఉంటూ అమెరికా ఫార్వర్డింగ్ చిరునామాకు (పార్సెల్‌ను అక్కడి గోదాములో అందుకుని ఇండియాకు పంపే సంస్థ చిరునామా) తెప్పించుకునేవారు కూడా ఇది గమనించాలి. ఆ గోదాముకు చేరితే ఈబే లెక్కలో డెలివరీ పూర్తయినట్టే. అక్కడి నుంచి మీ ఇంటికి వచ్చే దారిలో పోయినదానికి గ్యారంటీ లేదు.

ప్రశ్న: వేలంలో ఓడిపోయాక అదే అమ్మకందారు "గెలిచినవాడు వద్దన్నాడు, మీకే ఇస్తా" అని ఈమెయిల్ పంపాడు. యూపీఐలో 9,000 రూపాయలు పంపాను. తర్వాత జవాబు లేదు.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, మీ బ్యాంకుకూ చెప్పండి. డబ్బు ఇంకా అవతలి ఖాతాలోనే ఉంటే అక్కడే నిలిపేయించే అవకాశం ఉంటుంది, గంటలు గడిచేకొద్దీ అది తగ్గిపోతుంది. తర్వాత జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపు లావాదేవీ నంబరు), ఆ ఈమెయిల్, స్క్రీన్‌షాట్లతో ఫిర్యాదు నమోదు చేయండి. యూపీఐలో కొనుగోలుదారుకు కార్డులో ఉన్నట్టు ఛార్జ్‌బ్యాక్ రక్షణ లేదు. ఈబేలో ఇలాంటి రెండో అవకాశం నిజంగానే ఉంది, కానీ అసలైనదైతే మీ ఈబే ఖాతా మెసేజుల్లోనూ కనిపిస్తుంది, చెల్లింపు కూడా ఈబే పేజీలోనే జరుగుతుంది.