రంగుని ఒంటరిగా చూడకండి, పక్కన ఏముందో చూడండి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలావాటిది ఒకటే గొడవ, రోజూ చూసేవే చూస్తున్నాం, కొత్తగా ఏమీ తోచట్లేదు అని. వాటిలోంచి ఐదు ఏరి ఇక్కడ పెడుతున్నా. మొదటిదానికి జవాబు కాస్త పొడుగైంది, కానీ అది మిగతావాళ్ళకీ పనికొస్తుంది కాబట్టి తగ్గించలేదు.

ప్రశ్న: అక్కా, నేను ఇంట్లోనే మగ్గం వర్క్ బ్లౌజులు చేసి అమ్ముతుంటా. పొద్దున్న లేస్తే ఫోన్లో డిజైన్లు చూస్తూనే ఉంటా, కానీ చివరికి అందరూ చేసే పీచ్, మింట్ గ్రీన్, లావెండర్ దగ్గరే ఆగిపోతున్నా. కస్టమర్లు కూడా ఇది ఆల్రెడీ చూశాం కదా అంటున్నారు. రంగుల ఐడియాలు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి? (ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి)

ముందు ఆ ఫోన్ పక్కన పడెయ్ చెల్లీ. అందులో నీకు కనిపించే డిజైన్లే పక్క వీధిలో బ్లౌజులు కుట్టే ఆవిడకీ కనిపిస్తున్నాయి, ఇంక కొత్తది ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పు. మీ కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కి గాంధీభవన్ స్టేషన్లో దిగితే మొజంజాహీ మార్కెట్టూ జాంబాగూ దగ్గరే, అక్కడ పూలకొట్లుంటాయి. ఇంకా పెద్ద ఎత్తున చూడాలంటే మెహదీపట్నం పక్కన గుడిమల్కాపూర్ మార్కెట్‌కి తెల్లారేసరికి వెళ్ళు, బంతీ చామంతీ గోతాలకి గోతాలు దిగుతుంటాయి. అయితే అబ్బ ఎంత బాగున్నాయో అని మురిసిపోయి నాలుగు ఫోటోలు తీసుకుని వచ్చేస్తే లాభం లేదు. ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టారు, ఏది ఎంత పెట్టారు, ఈ రెండే చూడు. నా లెక్కలో రంగుల చదువంతా ఈ రెంటిలోనే ఉంది.

మాల కట్టే ఆవిడ పక్కన కాసేపు నిలబడు. తడిపిన అరటినార తీసుకుని, రెండు మల్లెమొగ్గలు అటూ రెండు ఇటూ పెట్టి ఒక మెలిక వేసి బిగిస్తుంది, మళ్ళీ రెండు అటూ రెండు ఇటూ, చెయ్యి ఎక్కడా ఆగదు, కళ్ళు మాత్రం వచ్చే పోయేవాళ్ళ మీదే ఉంటాయి. తెలుపు, తెలుపు, తెలుపు, జానెడు అయ్యాక నాలుగు కనకాంబరాలు, వాటిని ఆనుకుని ఒక మరువం రెమ్మ, మళ్ళీ తెలుపు. కనకాంబరానికి వాసనే ఉండదు, అది ఉన్నది రంగు కోసమే. మరువమేమో పచ్చదనమూ ఇస్తుంది, వాసనా ఇస్తుంది. ఆ నాలుగు పూల నారింజ రంగు వీధి అవతల్నుంచి కూడా కనిపిస్తుందంటే కారణం అది కొంచెమే ఉండటం, చుట్టూ అంత తెలుపు ఉండటం, పక్కన ఆ ముదురాకుపచ్చ ఒక గీతలా తగలడం. అచ్చంగా కనకాంబరాలే కట్టిన దండ కూడా పక్కనే వేలాడుతుంటుంది, రెంటినీ కలిపి చూడు, నేను చెప్పేది అప్పుడు నీకే తెలుస్తుంది.

ఇది ఏదో నా అభిప్రాయం అనుకోకు. పారిస్‌లో గోబెలిన్ అని రాజుల కాలం నాటి నేత కార్ఖానా ఒకటుంది, అక్కడి అద్దకం విభాగానికి షెవ్రూల్ అనే కెమిస్ట్ పెద్దగా ఉండేవాడు. నల్లదారం సరిగా రావట్లేదు, వెలిసినట్టుంటోందని కంప్లైంట్లు వస్తే ఆయన పరీక్షించి చూశాడు, తీరా చూస్తే అద్దకంలో ఏ లోపమూ లేదు, పక్కన వాడిన నీలం, ఊదా దారాల వల్లే ఆ నలుపు అలా నీరసంగా కనిపిస్తోందని తేలింది. దాని మీదే 1839లో పెద్ద పుస్తకం వేశాడు. పూలు కట్టే మనవాళ్ళకి ఆ సంగతి చేతివేళ్ళలోనే ఉంది, అందుకే వాళ్ళని చూసి నేర్చుకోమంటున్నా. కాబట్టి నీ మింట్ గ్రీన్‌లో తప్పేమీ లేదు, దాని పక్కన మళ్ళీ అంతే లేత పీచ్ పెడుతున్నావు చూడు, సమస్య అక్కడుంది. రెండూ లేతవే, రెండూ సమానంగానే, ఇంక కన్ను దేని మీద ఆగాలి? ఒకసారి ఆఫ్‌వైట్ రాసిల్క్ మీద నెక్ లైన్ చుట్టూ కనకాంబరం రంగు జర్దోసీ సన్నగా వేసి, దాని పక్కనే మరువం ఆకుపచ్చ దారం ఒకే ఒక్క వరస కుట్టి చూడు.

దసరా ముందు రోజుల్లో అయితే బతుకమ్మ పేర్చేవాళ్ళ ఇంటికి వెళ్ళి కూర్చో, ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ నీకు క్లాసే. గునుగు పువ్వు తెల్లగా ఉండి కొసన కాస్త గులాబీ ఉంటుంది కదా, దాన్ని కట్టలు కట్టి రంగునీళ్ళలో ముంచుతారు, కొన్ని కట్టలు మాత్రం తెల్లగానే ఉంచేస్తారు. ఎందుకో గమనించు. తంగేడు పసుపు వరసకీ బంతి వరసకీ నడుమ ఆ తెల్ల గునుగు ఒక వరస పడగానే రెండూ దేనికది విడిగా లేచి కనిపిస్తాయి, అది లేకపోతే రెండూ కలిసిపోయి ఒకే ముద్దలా ఉంటాయి. బ్లౌజు బోర్డర్‌కీ బాడీకీ మధ్య ఏం పెట్టాలి అని ఎప్పుడైనా తల బద్దలుకొట్టుకుంటే, జవాబు అదే.

ఇంకొకటి, రాళ్ళ పని చేస్తావు కాబట్టి చార్మినార్ పక్కన లాడ్‌బజార్‌లో లక్కగాజులు చేసేచోట కూడా ఆగు. బొగ్గుల కుంపటి మీద లక్క మెత్తబరిచి, కడ్డీలా సాగదీసి, పైన రంగు లక్క పట్టించి, గుండ్రంగా వంచి కొసలు అతికిస్తారు, ఆ తర్వాత వేడి చూపిస్తూ ఒక్కో రాయీ నొక్కుతారు. అక్కడ రాళ్ళు కాదు, రాయికీ రాయికీ మధ్య వదిలిన ఖాళీ చూడు. ఆ ఖాళీలోంచే లక్క రంగు బయటికి వస్తుంది. మన బ్లౌజుల మీద ఈమధ్య ఆ ఖాళీ అన్నదే లేకుండా పోతోంది, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ప్రశ్న: మేడమ్, నేను వైజాగ్‌లో ఇంజనీరింగ్ సెకండ్ ఇయర్. బొమ్మలు వేయడం ఇష్టం. అమ్మమ్మగారి ఊళ్ళో అయితే చెట్లూ చెరువూ ఉండేవి, ఇక్కడ హాస్టల్, ట్రాఫిక్, ఫ్లెక్సీలు తప్ప ఏమున్నాయి? సిటీలో ఏం గీయాలి? (ఒక విద్యార్థి, విశాఖపట్నం)

బాబూ, వైజాగ్‌లో ఉండి ఈ మాట అంటున్నావా! సాయంత్రం బీచ్ రోడ్డుకి వెళ్ళి మురీ మిక్చర్ బండి దగ్గర నిలబడు. మధ్యలో మరమరాల గుట్ట, చుట్టూ గిన్నెల్లో ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, కారం, వేయించిన పల్లీలు, కోసిపెట్టిన నిమ్మచెక్కలు. అన్నీ ఓ గిన్నెలో వేసి గరిటెతో టకటకా కలిపి కాగితం పొట్లంలోకి వంచేస్తాడు, రెండు నిమిషాల పని. నువ్వు గీయాల్సింది బండి కాదు, ఆ కలిపే చెయ్యి. వచ్చినా రాకపోయినా పది గీతల్లో ఆపెయ్, మళ్ళీ ఇంకో పొట్లం కట్టేటప్పుడు మళ్ళీ గీయి, ఆయన ఎటూ అదే పని చేస్తూనే ఉంటాడు, అంత ఓపికైన మోడల్ ఏ కాలేజీలోనూ దొరకడు.

రంగుల సంగతికొస్తే, మన సముద్రం తూర్పునుంది కదా, సాయంత్రం ఎండ ఊరి వెనక్కి పోతుంది. ఇసక మీద బిల్డింగుల నీడ పడిపోయి అంతా బూడిదరంగుకి తిరిగిపోతుంది, కానీ దూరంగా ఆగి ఉన్న ఓడల మీద ఇంకా పసుపు ఎండ తగులుతూనే ఉంటుంది. ముందు చల్లటి రంగు, వెనక వెచ్చటి రంగు, మామూలుగా పుస్తకాల్లో నేర్పేదానికి ఇది తిరగేసి ఉంటుంది. ఇది పడమటి తీరంలో సాయంత్రంపూట చూద్దామన్నా దొరకదు. పొద్దున్నే లేవగలిగితే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళు, పడవల రంగులు ఎండకీ ఉప్పుకీ ఎలా మారిపోయాయో చూడు, కొత్తగా వేసిన నీలం పక్కన మూడేళ్ళ నాటి నీలం ఉంటుంది. ఇక భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఉండనే ఉన్నాయి, సెలవు రోజున వెళ్ళు. ఫ్లెక్సీలు నాకూ ఇష్టం లేదులే, వాటిని వదిలెయ్.

ప్రశ్న: నమస్తే అండి. ఇంట్లో సున్నుండలు, పూతరేకులు, బందరు లడ్డూలు చేసి ఆర్డర్ల మీద పంపిస్తున్నాను. ఫోటోల్లో అన్నీ గోధుమరంగుగా డల్‌గా కనిపిస్తున్నాయని, కాస్త ఫుడ్ కలర్ కలపమని మా అబ్బాయి అంటున్నాడు. కలపమంటారా? (ఒక గృహిణి, కాకినాడ)

వద్దండి, దయచేసి కలపకండి. మన దేశంలో తినేవాటిలో వేయడానికి అనుమతి ఉన్న సింథటిక్ రంగులు ఎనిమిదే, స్వీట్లలో అయితే అవి కిలోకి వంద మిల్లీగ్రాములు దాటకూడదు, అంత చిన్న కొలత ఇంట్లో చెంచాలతో కొలిచేది కాదు. ఆ భయం పక్కన పెట్టినా, మీ స్వీట్ల రంగు మీ పనికి సాక్ష్యం అండి. సున్నుండ రంగు చూసి మినప్పప్పు ఎంతసేపు ఏ మంట మీద వేయించారో తెలిసినవాళ్ళు చెప్పేస్తారు. బందరు లడ్డూ రంగు బెల్లానిది. అవి దాచేస్తే ఇంక మీ చేతి గుర్తు ఏం మిగిలింది?

పూతరేకు సంగతి మీకు నేను చెప్పేదేముంది, అయినా ఓసారి కొత్తగా చూడండి. ఆత్రేయపురంలో చేసేటప్పుడు బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట పెడతారు, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి అలా పరిచి లాగుతారు, క్షణంలో పొర లేచి వచ్చేస్తుంది, వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే చెయ్యి కనిపించేంత పల్చన. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. ఆ తెల్లటి పొరల్లోంచి లోపలి బెల్లం లీలగా కనిపిస్తుంది చూడండి, అంత అందమైన రంగుని ఏ సీసాలోంచి తెస్తారు?

డల్‌గా ఉన్నది స్వీటు కాదండి, దాని కిందున్నది. తెల్ల ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ట్యూబ్‌లైటు కింద తీస్తున్నారేమో. కిటికీ పక్కన పగటి వెలుతురులో, పచ్చటి అరిటాకు ముక్క మీద సున్నుండ పెట్టి తీయండి, ఆ గోధుమరంగు ఒక్కసారిగా ఎర్రబారి నెయ్యి మెరుపుతో కనిపిస్తుంది. పూతరేకుకి మాత్రం అరిటాకు కన్నా ముదురు రంగు గుడ్డ మేలు, వంకాయరంగు నేతచీర కొంగైనా సరే. బూరెలు కూడా చేస్తే ఒకదాన్ని సగానికి తుంచి పక్కన పెట్టండి, లోపలి పూర్ణం పసుపు బయట కనపడాలి. అబ్బాయితో ఈ ఫోటోలు తీయించండి, సంబరంగా తీస్తాడు.

ప్రశ్న: అక్కా, టెక్సస్‌లో ఉంటాం. ఇక్కడ బతుకమ్మకి తంగేడు, గునుగు దొరకవు, ఏ పూలు పెట్టినా మన బతుకమ్మలా అనిపించట్లేదు. (ఒక పాఠకురాలు, డాలస్)

గునుగు జాతి అక్కడా దొరుకుతుందమ్మా, నర్సరీల్లో సెలోషియా అని అడుగు, కోడిజుట్టు పువ్వూ, ఈకల్లా నిలబడేదీ రెండు రకాలూ అమ్ముతారు. బంతి గింజలు వేసిన రెండు నెలలకి అటూఇటూగా పూస్తుంది, కాబట్టి జులై మొదటికల్లా నాటేస్తే పండక్కి చేతికొస్తాయి. తంగేడు బదులు పసుపు చామంతి సరిపోతుంది. ఒకటే చెప్తా, స్టోర్లో దొరికే గులాబీ, కార్నేషన్ లాంటి పెద్ద పూలు వరసలుగా పెట్టకు, పెద్ద పువ్వు పెడితే వరస తెగిపోతుంది. చిన్నవి, దగ్గరదగ్గరగా, మధ్యలో తెల్ల వరస మర్చిపోకుండా పేర్చు. పైన గుమ్మడి పువ్వు ఎవరి పెరట్లోనన్నా దొరుకుతుందేమో ఇప్పట్నుంచే వాకబు చెయ్యి.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. వేసవి సెలవులకి మనవలు వస్తున్నారు. సెల్‌ఫోన్లు వదిలించి వాళ్ళతో రంగులకి సంబంధించిన పనేదైనా చేయించాలని ఉంది. కొన్న పెయింట్లు కాకుండా ఇంకేమైనా చెప్తారా? (ఒక మాస్టారు, తిరుపతి)

మాస్టారూ, మీకు శ్రీకాళహస్తి పక్కనే కదండీ, ముందు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళి కలంకారీ వేసేవాళ్ళని చూపించండి. వెదురు పుల్ల కొసకి కాస్త పైన ఉన్నిగుడ్డ చుట్టి దారం కట్టి ఉంటుంది, దాన్ని రంగులో ముంచి, వేళ్ళతో ఆ గుడ్డని నొక్కుతూ గీత గీస్తారు, నొక్కినంత రంగే దిగుతుంది. ఆ కలం ఇంట్లో మీరూ చేసుకోవచ్చు.

నలుపు రంగు అయితే పిల్లలు ఎగిరి గంతేస్తారు. తుప్పు పట్టిన మేకులూ ఇనప ముక్కలూ ఒక కుండలో వేసి బెల్లం కలిపిన నీళ్ళు పోసి రెండు మూడు వారాలు పులియబెట్టండి. ఇంకోపక్క కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో మామూలు కాటన్ గుడ్డ నానబెట్టి పిండి ఆరేయండి. పాలు వేసేది రంగు పాకిపోకుండా, అందుకే కాస్త కొవ్వున్న పాలే వాడాలి. ఇప్పుడు ఆ ఇనుప నీళ్ళతో ఈ గుడ్డ మీద గీస్తే మొదట అంతగా ఏమీ కనిపించదు, కళ్ళముందే నల్లబడుతుంది. అవే నీళ్ళతో కరక్కాయ పట్టించని గుడ్డ మీద కూడా ఒక గీత గీయించండి, ఆ నలుపు రాదు. ఇనుమూ కరక్కాయా కలిస్తేనే నలుపు, ఏ ఒక్కదాని దగ్గరా అది లేదు. కారణం ముందే చెప్పేయకండి, వాళ్ళనే ఊహించమనండి, మీకు తెలియనిదేముంది.

కుండ ఇప్పుడే పెట్టేయండి, పిల్లలు వచ్చేసరికి పులిసి రెడీగా ఉంటుంది. మూత మరీ బిగించకండి, వాసన వస్తుంది కాబట్టి వంటింట్లో కాకుండా పెరట్లోనో డాబా మీదో ఓ మూల ఉంచండి. గీసేటప్పుడు పిల్లలకి పాత బట్టలు వేయండి, ఆ మరక పోదు.